ఒరిజినలా, బయటి సరుకా? జవాబు డబ్బా మీద ఉండదు

ఖరగ్‌పూర్ స్టేషన్ వైపు నుంచి ఐఐటీకి వెళ్లే దారిలో పూరీ గేట్ వస్తుంది. కింద రైలు పట్టాలు, పైన ఫ్లైఓవర్. ఆ చుట్టుపక్కల ఇల్లున్న ఒక తెలుగు లారీ యజమానిని ఊహించుకుందాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో చేరాడు. మనవడి బతుకు మాత్రం రోడ్డు మీద. ఉన్నది ఒకే ఒక్క పాత లారీ. 16వ నంబరు జాతీయ రహదారి మీద భీమవరం, కైకలూరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు ఎక్కించుకుని హౌరా మార్కెట్‌కు చేర్చడం పని. దారిలో బండి ఆగితే ఐసు కరుగుతుంది, సరుకు పోతుంది.

కొన్నాళ్లుగా బండి ఆయిల్ తాగుతోంది, నీలం పొగ వదులుతోంది, ఎత్తు ఎక్కడానికి మొరాయిస్తోంది. మేస్త్రీ ఇంజిన్ విప్పి చూసి ‘బోరుకొచ్చింది’ అన్నాడు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చాలి. క్రాంక్ షాఫ్టును గ్రైండింగ్‌కు పంపాలి. యజమాని చేతికి రెండు జాబితాలు వచ్చాయి. ఒకటి బండి కంపెనీ డబ్బాలో వచ్చే సామాను, రెండోది బయటి కంపెనీల సామాను. రెండో జాబితా బాగా చవక. ‘ఒరిజినల్ వేస్తే నిశ్చింత’ అని ఒకరు, ‘లోపల సరుకు ఒకటే, పేరుకే డబ్బు’ అని ఇంకొకరు సలహా ఇస్తారు.

రెండు సలహాల్లోనూ కొంత నిజం ఉంది. రెండూ తప్పు ప్రశ్నకు జవాబులు. డబ్బా మీద ఎవరి పేరుందన్నది ఒక ప్రశ్న. లోపలి లోహం, కొలత, పనితనం సరిగ్గా ఉన్నాయా అన్నది మరో ప్రశ్న. మన బజారులో రెండో ప్రశ్నకు జవాబు తెలుసుకునే దారి లేకపోవడం వల్లే అందరూ మొదటి ప్రశ్న పట్టుకుని వాదించుకుంటున్నారు.

ఒక్క మాట కింద నాలుగు సరుకులు

గ్యారేజీ భాషలో ఒరిజినల్ కానిదంతా ‘డూప్లికేట్’. ఈ మాట చాలా అన్యాయం చేస్తోంది. అసలు బజారులో నాలుగు రకాల సరుకు ఉంటుంది.

మొదటిది, బండి కంపెనీ తన పేరుతో అమ్మేది. రెండోది, బండి కంపెనీకి ఆ భాగాన్ని తయారుచేసి ఇచ్చే సంస్థే తన సొంత పేరుతో అమ్మేది. లారీ కంపెనీలు పిస్టన్లనూ, రింగులనూ, బేరింగులనూ, వాల్వులనూ చాలావరకు బయటి నుంచే తెప్పించుకుంటాయి. చెన్నైలోని ఇండియా పిస్టన్స్, బైమెటల్ బేరింగ్స్ లాంటివి ఈ కోవలోవి. ఇవి వాహన కంపెనీలకూ ఇస్తాయి, విడిభాగాల బజారులోనూ అమ్ముతాయి. మూడోది, కంపెనీలకు సరఫరా చేయకుండా నేరుగా బజారు కోసమే చేసే స్వతంత్ర తయారీదారుల సరుకు. ఇందులో చాలా మంచిదీ ఉంది, నాసిరకమూ ఉంది. నాలుగోది నకిలీ. పేరున్న కంపెనీ డబ్బాను అచ్చు గుద్ది, లోపల ఎవరు చేశారో తెలియని ముక్కను పెట్టి అమ్మేది.

మొదటి మూడూ వ్యాపారం, నాలుగోది మోసం. మూడో రకాన్నీ నాలుగో రకాన్నీ కలిపి డూప్లికేట్ అనడం వల్ల నిజాయతీగా పనిచేసే చిన్న తయారీదారుడికి చెడ్డపేరు వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నకిలీ చేసేవాడు ఎప్పుడూ పేరున్న డబ్బానే ఎంచుకుంటాడు. కాబట్టి ‘ఒరిజినల్ డబ్బా చూసి కొన్నాను’ అనే యజమానే ఎక్కువగా మోసపోయే అవకాశం ఉంది.

97 మిల్లీమీటర్ల లెక్క

మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన టాటా 697 ఇంజిన్‌ను తీసుకుందాం. ఆ పేరులోనే దాని కొలత ఉంది: 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. స్ట్రోకు 128 మిల్లీమీటర్లు. ఈ కొలతలు జర్మనీలో డైమ్లర్-బెంజ్ చేసిన ఓఎం 352 ఇంజిన్‌వే. ఆ కంపెనీ సహకారంతోనే టాటాలు 1954లో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టారు. ఖరగ్‌పూర్ నుంచి జంషెడ్‌పూర్ రైలు దారిలో సుమారు 130 కిలోమీటర్లు.

97 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ తల వైశాల్యం సుమారు 74 చదరపు సెంటీమీటర్లు. ఇంధనం మండినప్పుడు లోపలి ఒత్తిడి 100 బార్ అనుకుంటే, ఆ తల మీద పడే బరువు దాదాపు ఏడున్నర టన్నులు. క్రాంక్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో సిలిండరులో నిమిషానికి 1,000 సార్లు ఈ దెబ్బ పడుతుంది. భీమవరం నుంచి హౌరాకు వెయ్యి కిలోమీటర్లకు పైనే. ఇంజిన్ ఇదే వేగంతో 25 గంటలు నడిచిందనుకుంటే, ఒక్క ట్రిప్పులో ఒక్కో పిస్టన్ 15 లక్షల దెబ్బలు తింటుంది. ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్ మీదుగా బేరింగుకు చేరుతుంది. అక్కడ లోహానికీ లోహానికీ మధ్య ఉండేది కొన్ని మైక్రాన్ల మందం ఉన్న ఆయిల్ పొర ఒక్కటే. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.

ఇప్పుడు వేడి సంగతి. పిస్టన్‌ను అల్యూమినియం మిశ్రమంతో, లైనర్‌ను పోత ఇనుముతో చేస్తారు. వేడెక్కితే అల్యూమినియం ఇనుము కన్నా సుమారు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. ఈ వ్యాకోచాన్ని తగ్గించడానికే పిస్టన్ మిశ్రమంలో 12 శాతం దాకా, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ, సిలికాన్ కలుపుతారు. 97 మిల్లీమీటర్ల పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే, సిలికాన్ సరిగ్గా కలిసిన మిశ్రమమైతే సుమారు 0.19 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సిలికాన్ దాదాపు లేని అల్యూమినియమైతే 0.22 పెరుగుతుంది. తేడా 0.03 మిల్లీమీటర్లు. వినడానికి చిన్నదే. కానీ పిస్టన్‌కూ లైనర్‌కూ మధ్య చల్లగా ఉన్నప్పుడు వదిలే సందు మిల్లీమీటరులో పదోవంతు స్థాయిలోనే ఉంటుంది. మిశ్రమం తప్పితే ఆ సందులో గణనీయమైన భాగం వేడికి మాయమవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే పిస్టన్ లైనర్‌ను పట్టేస్తుంది.

ఆ చెడ్డ పిస్టన్‌ను గ్యారేజీలో మైక్రోమీటరుతో కొలిస్తే కొలత సరిగ్గానే వస్తుంది. ఎందుకంటే అక్కడ అది చల్లగా ఉంది. లోపం బయటపడేది 100 డిగ్రీల తర్వాత.

అందువల్ల ఇంజిన్ భాగం నాణ్యతను మూడు మెట్లుగా చూడాలి. మొదటి మెట్టు కొలత. దీన్ని మేస్త్రీ దగ్గరే చూసుకోవచ్చు. రెండో మెట్టు మిశ్రమం, గట్టిదనం, లైనర్ లోపలి గోడ మీద ఆయిల్ నిలవడానికి గీసే అడ్డగీతల లోతు. వీటికి ప్రయోగశాల కావాలి. మూడో మెట్టు అలసట, అంటే లక్షల దెబ్బల తర్వాత లోహం ఎలా నిలుస్తుందన్నది. దీనికి నెలల తరబడి పరీక్ష కావాలి, లేదా ఆ తయారీదారుడి సరుకు గతంలో ఎలా నడిచిందో రికార్డు కావాలి. ఒరిజినల్ డబ్బాకు ఎక్కువ డబ్బు పెట్టేవాడు నిజానికి కొంటున్నది రెండో, మూడో మెట్ల మీద ఒకరిచ్చే హామీని. ఆ హామీకి విలువ ఉంది. అది ఒక్క డబ్బాకే సొంతమా అన్నదే ప్రశ్న.

రైల్వే ఈ చిక్కును ఎలా విప్పింది

పూరీ గేట్ యజమాని ఇంట్లో వర్క్‌షాపులో రిటైరైన మావయ్య ఒకాయన ఉంటే, బహుశా ఇలా అడుగుతాడు: ‘కంపెనీ పేరు తర్వాత చెప్పు అల్లుడూ. డ్రాయింగ్ ఏది? ఎవరు తనిఖీ చేశారు?’

ఆ ప్రశ్న వెనక అరవై ఏళ్ల అనుభవం ఉంది. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ లైసెన్సుతో 1964లో మొదటి ఇంజిన్‌ను బయటికి తెచ్చింది. ఐదేళ్లు తిరిగేసరికి, 1969లో, ఆల్కో రైలింజిన్ల తయారీ ఆపేసింది. అసలు తయారీదారే రంగంలో లేడు. మన లారీ యజమాని భాషలో చెప్పాలంటే ఒరిజినల్ డబ్బా ఆగిపోయింది. అయినా ఆల్కో డిజైను ఇంజిన్లు భారత రైల్వేలో ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తయారయ్యాయి, నడిచాయి. ఖరగ్‌పూర్ డీజిల్ షెడ్‌లో కూడా అవి ఉండేవి. విడిభాగాల కోసం 1981లో పటియాలాలో ప్రత్యేకంగా కర్మాగారం పెట్టారు. మిగతావి దేశంలోని ఎన్నో సంస్థలు చేశాయి.

రైల్వే పద్ధతిలో కీలకం ఇది. భాగానికి డ్రాయింగ్ ఉంటుంది. ఏ లోహం, ఎంత గట్టిదనం, కొలతలో ఎంత తేడా దాకా ఒప్పుకోవచ్చు అన్నది రాతపూర్వకంగా ఉంటుంది. లక్నోలోని పరిశోధన, డిజైన్, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓ కీలక భాగాల తయారీదారులను పరిశీలించి ఆమోదిస్తుంది. సరుకును రైట్స్ లాంటి సంస్థలు తనిఖీ చేస్తాయి. ఆ మెట్లన్నీ దాటాక ముక్క చెన్నైలో తయారైందా, హౌరాలో తయారైందా అన్నది పెద్ద విషయం కాదు.

ఈ పద్ధతిలోనూ ఆలస్యాలు, లోపాలు ఉండొచ్చు. అయినా ఒక పాఠం స్పష్టం. అసలు తయారీదారుడు లేకపోయినా నాణ్యత నిలుస్తుంది, ప్రమాణమూ తనిఖీ ఉంటే. ఒక్క లారీ ఉన్న యజమానికి ఈ రెండూ అందుబాటులో లేవు. అతని కోసం ఆర్‌డీఎస్‌ఓ లేదు.

ఏ భాగానికి ఏ సరుకు

ప్రమాణం బజారుకు వచ్చేదాకా యజమాని ఆగలేడు, రేపు బండి కదలాలి. అతనికి పనికొచ్చే లెక్క ఒకటుంది. చవక భాగం వల్ల మిగిలే డబ్బును, అది చెడిపోతే వచ్చే మొత్తం నష్టంతో భాగించాలి. నష్టంలో మళ్లీ కూలీ, బండి నిలిచిన రోజులు, పోయిన సరుకు, ఆగని వాయిదాలు అన్నీ కలపాలి. ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. పిస్టన్, లైనర్ల సెట్టు మీద 15,000 రూపాయలు మిగులుతాయి, చెడితే లక్షన్నర నష్టం. చవక సరుకు వల్ల చెడిపోయే అవకాశం 10 శాతం కన్నా ఎక్కువ పెరిగితే ఆ బేరం నష్టమే. అదే కనెక్టింగ్ రాడ్ బోల్టుల మీద 1,000 రూపాయలే మిగులుతాయనుకుందాం. నష్టం అంతే, లక్షన్నర. ఇక్కడ 150లో ఒక వంతు అవకాశం పెరిగినా బేరం తప్పు.

ఈ లెక్క ప్రకారం రాడ్ బోల్టులు, హెడ్ బోల్టుల్లాంటి చిన్న భాగాల్లో పిసినారితనం పనికిరాదు. ఖరీదు తక్కువ, విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది, చూపుకు మంచీచెడూ తెలియదు. వీటిని కంపెనీవే తీసుకోవాలి. బెల్టులు, నీటి గొట్టాలు, రబ్బరు మౌంటుల్లాంటివి ఇంజిన్ విప్పకుండా మార్చుకోవచ్చు, చెడేముందు తరచుగా కంటికి కనిపిస్తాయి. పేరున్న బయటి సరుకు ఇక్కడ తెలివైన ఎంపిక.

అసలు వాదన నడిచేది మధ్యలో ఉన్న పిస్టన్లు, లైనర్లు, రింగులు, బేరింగుల మీద. పాత తరం ఇంజిన్లలో వీటికి రెండో రకం సరుకు, అంటే వాహన కంపెనీలకు సరఫరా చేసే సంస్థ సొంత డబ్బా, చాలాసార్లు సరైన దారి. ఒకటే షరతు: పిస్టన్ ఒకరిది, రింగులు ఇంకొకరివి కలపకుండా ఒకే తయారీదారుడి సెట్టు తీసుకోవాలి. బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనాలి. పాత డబ్బాలను చింపి పారేయాలి, లేకపోతే అవే నకిలీ సరుకుకు గూడవుతాయి.

కొత్త తరం ఇంజిన్ల సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్ 6 ఇంజిన్లలో ఇంధనం వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో చిమ్ముతుంది. ఇంజెక్టర్ లోపలి సూదికీ దాని గూటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. పిస్టన్ తల మీది గుంట ఆకారం మారితే మంట తీరు మారుతుంది, మసి పెరిగి పొగగొట్టంలోని వడపోత మూసుకుపోతుంది. ఇక్కడ ఒక భాగాన్ని విడిగా కాకుండా వ్యవస్థలో ముక్కగా చూడాలి. ఇంజెక్టర్లు, సెన్సర్ల విషయంలో ‘మావే వాడండి’ అనే కంపెనీల మాటకు బలం ఉంది. దాన్ని ఒప్పుకోవాలి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఒరిజినల్ వేసినా చాలా ఇంజిన్లు తొందరగానే మళ్లీ విప్పాల్సి వస్తాయి. క్రాంక్‌ను 0.25 మిల్లీమీటర్లు గ్రైండ్ చేస్తే బేరింగు కూడా అంతే తక్కువ సైజుది వేయాలి. బోరు గుండ్రంగా ఉందో లేదో బోర్ గేజ్‌తో మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలవాలి. బేరింగు సందు చూడటానికి మెత్తని ప్లాస్టిక్ దారం ముక్క పెట్టి బిగించి, అది ఎంత చదునైందో చూస్తే చాలు. లైనర్ లోపల గ్రైండింగ్ పొడి మిగిలితే ఎంత ఖరీదైన రింగులైనా అరిగిపోతాయి. బోల్టులను టార్క్ రెంచితో కాకుండా చేతి అంచనాతో బిగించిన గ్యారేజీలో భాగం ఎవరిదన్న చర్చకు అర్థం లేదు. పని చెడితే తప్పు భాగం మీదికి నెట్టడం మాత్రం సులువు.

యజమాని ఒక్కడి వల్ల అయ్యేది కాదు

ఈ జాగ్రత్తలన్నీ మొదటి మెట్టుకే సరిపోతాయి. మిశ్రమాన్నీ అలసటనూ పరీక్షించడం యజమాని పని కాదు. అక్కడ వ్యవస్థ రావాలి.

2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలనూ మరమ్మతు సమాచారాన్నీ స్వతంత్ర గ్యారేజీలకు అందకుండా కట్టడి చేశాయన్నది కమిషన్ నిర్ధారణ. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. అది కార్ల కేసే, కానీ అందులోని తర్కం లారీకీ వర్తిస్తుంది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది. ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు కూడా ఉన్నాయి. ఐరోపా సంఘమైతే 2002 నాటి నియమాల్లోనే, వాహన కంపెనీ నిర్దేశాల ప్రకారం సరఫరాదారు చేసిన భాగాన్ని కూడా ఒరిజినల్‌గా గుర్తించింది. సమాన నాణ్యత ఉన్న భాగాలను మరో వర్గంగా పేర్కొంది.

మన దగ్గర రావలసిన మొదటి మార్పు సమాచారం. కొత్త ముక్కను కొలిస్తే దాని సైజు ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఆ సైజులో ఎంత తేడా దాకా ఒప్పుకోవచ్చు, ఎంత అరిగితే మార్చాలి అన్నది ఒక ముక్కను చూసి చెప్పలేం. మంచి ఉద్దేశంతో పనిచేసే చిన్న తయారీదారుడు కూడా ఇక్కడే తప్పటడుగు వేస్తాడు. కనీసం వారంటీ కాలం దాటిన ఇంజిన్ల కొలతలు, అరుగుదల హద్దులు అన్ని కంపెనీలూ బహిరంగంగా ఉంచాలి. డిజైను రహస్యాలు పోతాయన్న వాదన అరుగుదల హద్దులకు వర్తించదు.

రెండో మార్పు పరీక్ష. బజారులో దొరికే పిస్టన్లు, లైనర్లు, బేరింగులను దుకాణాల నుంచే కొని, మిశ్రమాన్నీ గట్టిదనాన్నీ పరీక్షించి, ఫలితాలను పేర్లతో సహా ప్రకటించాలి. ఇందుకు కొత్త సంస్థ అక్కర్లేదు. ప్రతి పెద్ద ఇంజనీరింగ్ కళాశాలలో లోహశాస్త్ర ప్రయోగశాల ఉంది. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల ఇలాంటి పరీక్షా కేంద్రం ఒక్కటి నడిచినా, దాని ప్రభావం ఆ రహదారి పొడవునా కనిపిస్తుంది. నాసిరకానికి భయం పుడుతుంది, మంచి సరుకు చేసే చిన్నవాడికి పెద్ద పేరు లేకపోయినా గిరాకీ వస్తుంది.

ఖరగ్‌పూర్‌లో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక పక్క నూరేళ్లు దాటిన రైల్వే వర్క్‌షాపు ఉంది. అక్కడ కొలవడమంటే ఏమిటో తెలిసిన కార్మికులు తరాలుగా పనిచేస్తున్నారు, వారిలో తెలుగువాళ్లు ఎందరో. మరో పక్క 1951లో మొదలైన ఐఐటీ ఉంది. లోహాన్ని పరమాణువుల స్థాయిలో చూడగల పరికరాలు అలాంటి సంస్థల్లో ఉంటాయి. పూరీ గేట్‌లోని లారీ యజమానికి ఈ రెండూ దగ్గరే. అయినా అతను డబ్బా మీది అచ్చును వేలితో రుద్ది, ఒరిజినలో కాదో తేల్చుకుంటున్నాడు. వర్క్‌షాపులో రిటైరైన ఫిట్టర్లతో మేస్త్రీలకు కొలతల శిక్షణ ఇప్పించడం, ఐఐటీ ప్రయోగశాలలో నెలకు కొన్ని నమూనాలు పరీక్షించి ఫలితాలను తెలుగు, బెంగాలీ, హిందీలలో గ్యారేజీల గోడల మీద అంటించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఆ కాగితం ఒక్కటి గోడ మీద ఉంటే, యజమాని తన రెండు జాబితాలనూ దాని పక్కన పెట్టి చూసుకుంటాడు.